తంగేడు రేకు నుంచి వేలి ఉంగరం దాకా: నిశ్చితార్థానికి, పెళ్లికి ప్రకృతి రూపాలతో సొంత ఉంగరాలు చేయించుకునే పద్ధతి

నగల దుకాణంలో పూల డిజైను ఉంగరాలు చూపించమంటే ట్రేల కొద్దీ బయటికి వస్తాయి. అయిదు రేకులు, మధ్యలో ఒక రాయి, పక్కన రెండు ఆకులు. అది ఏ పువ్వు అని అడిగితే జవాబు ఉండదు, ఎందుకంటే అది ఏ మొక్కకూ పూసిన పువ్వు కాదు. ప్రత్యేకంగా చేయించుకునే ఉంగరం అలా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్క మొక్కనో, ఒక్క చోటునో ఎంచుకుని, దాని నిర్మాణాన్ని శ్రద్ధగా చూసి, ఆ నిర్మాణమే ఉంగరం పని చేసేలా రూపొందించాలి. కాడ వేలిని చుట్టాలి, మొగ్గ కింది పోగులు రాయిని పట్టుకోవాలి, ఈనెలు రేకుకు బలమివ్వాలి.

తెలుగు నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు బంగారు చెవి కమ్మల జత ఒకటి ఉంది. అవి బహుశా ఆంధ్ర ప్రాంతానివని మ్యూజియం పేర్కొంటుంది. జంట కాడల తీగ నుంచి రెండు మొగ్గలు చెరో వైపుకూ పెరిగినట్టుంటాయి. వాటి మీద రెక్కల సింహం, ఏనుగు. అక్కడ తీగ తరువాత అతికించిన అలంకారం కాదు, నగ మొత్తం దాని మీదే నిలబడింది. ఉంగరానికి కూడా ఇదే సూత్రం.

పని మొదలుపెట్టడానికి ముహూర్తానికి ముందు కనీసం రెండు మూడు నెలల సమయం ఉంచుకోండి. శ్రావణమో, మాఘమో పెళ్లిళ్ల కాలమైతే ఇంకొంచెం ముందే కదలాలి. ఆ నెలల్లో మంచి పనివారి చేతులు ఖాళీగా ఉండవు.

1. మొక్కను ఎంచుకోవడం

ఇద్దరూ కలిసి ఒక ప్రశ్నకు జవాబు వెతకండి: మన జీవితంలో నిజంగా ఉన్న చెట్టు, పువ్వు, నది, కొండ ఏది? పెరట్లో వేపచెట్టు నీడన పెరిగిన అమ్మాయికి వేపాకుతో ఉన్న అనుబంధం, ఎక్కడో బొమ్మలో చూసిన ఆలివ్ కొమ్మతో ఉండదు. బతుకమ్మ పేర్చిన చేతికి తంగేడు సొంతం. న్యూజెర్సీలోనో టొరంటోలోనో స్థిరపడి, అక్కడే ఒకరినొకరు కలుసుకున్న జంటకు వీధి చివరి మేపుల్ చెట్టే వారి చెట్టు. అది పరాయిదని మొహమాటపడనక్కరలేదు.

మనసుకు నచ్చినది ఉంగరపు కొలతలో ఇమడాలి కూడా. ఉంగరం పైభాగం మహా అయితే 10, 12 మిల్లీమీటర్లు. అంత చిన్న చోట గుర్తుపట్టగలిగే ఆకారం కావాలి. నాకు బాగా నచ్చినవి కొన్ని చెబుతాను.

మల్లె మొగ్గ అన్నింటికన్నా ముందు. మొగ్గ అడుగున చూడండి: సన్నని పచ్చని పోగులు దాన్ని చుట్టూ పట్టుకుని ఉంటాయి. రాయిని పట్టుకునే ప్రాంగులు చేసే పని కూడా అదే. కాబట్టి మల్లె మొగ్గ ఉంగరంలో వేరే అలంకారం అవసరం లేదు. పోగులే ప్రాంగులు, రాయే మొగ్గ. పైగా మల్లె ఆకులు కాడకు ఎదురెదురుగా జంటగా వస్తాయి. రాయికి చెరో పక్కన ఒక్కో ఆకు పెడితే అది మొక్కకు నిజం, జంటకూ తగినది.

వేపాకు రెండో రకం బలం ఇస్తుంది. ఒక్కో చిట్టి ఆకు కొడవలిలా వంగి, అంచున రంపపు పళ్లతో, మొదట్లో ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువగా ఉంటుంది. ఈ అసమానతే వేపను వేపగా నిలబెడుతుంది. పనివాడు అలవాటు కొద్దీ రెండు వైపులూ సమానంగా దిద్దితే అది ఏదో ఒక ఆకుగా మారిపోతుంది. గీతలోనే ఆ సంగతి రాసి ఇవ్వండి. ఈ ఆకులన్నీ తగిలి ఉండే మధ్య కాడను వంచితే అదే వేలి చుట్టూ తిరిగే భాగం అవుతుంది.

చింతాకు పెళ్లి ఉంగరానికి చాలా బాగుంటుంది. జతలు జతలుగా చిన్న ఆకులు వరుసగా ఉంటాయి, రాత్రి అయ్యేసరికి ఆ జతలు ముడుచుకుంటాయి. రాయి లేకుండా, చుట్టూ ఈ జతలే చెక్కిన సాదా ఉంగరం మగవారి వేలికి కూడా నిండుగా ఉంటుంది. తంగేడు పువ్వుకు ముడతలు పడిన అంచులు, నారింజ రంగు ఈనెలు ఉంటాయి. ఆ ముడతలు లోహంలో అద్భుతంగా పలుకుతాయి. మేపుల్‌కు ఆకు కన్నా గింజ మేలు. రెండు రెక్కలు ఒకే మొదలు నుంచి విడిపోయే ఆ జంట గింజ ఉంగరానికే పుట్టినట్టుంటుంది.

ఒక హెచ్చరిక రావి ఆకు గురించి. ఎంత అందంగా ఉన్నా దాని పొడవాటి కొన చీర కొంగునూ, ఉన్ని దుస్తులనూ, జుట్టునూ పట్టుకుంటుంది. తప్పనిసరిగా రావి ఆకే కావాలనుకుంటే కొనను వంచి చుట్టులోకి, అంటే వేలి చుట్టూ తిరిగే భాగంలోకి, కలిపేయమనండి.

మొక్కే కావాలని కూడా లేదు. పాపికొండల దగ్గర గోదావరిని చూసి ఒకరికొకరు మాట ఇచ్చుకున్నవారు కొండల గీతను ఒక ఉంగరం పై అంచుగా, నది వంపును రెండో ఉంగరం అంచుగా చేయించుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెడితే గీతలు కలవాలి.

2. చూడడం, గీయడం

ఎంచుకున్న మొక్క దగ్గరికి వెళ్లి నాలుగైదు ఆకులు, మొగ్గలు తెచ్చుకోండి. పుస్తకంలో నొక్కి పెట్టినవి కొన్ని, తాజావి కొన్ని కావాలి, ఎందుకంటే నొక్కిన ఆకులో ఈనెలు కనిపిస్తాయి కానీ వంపు పోతుంది. ఫోనుతో పై నుంచి, పక్క నుంచి, వెలుగుకు ఎదురుగా ఫోటోలు తీయండి. తరువాత కాగితం మీద చేతి పొడవంత పెద్దదిగా ఒక బొమ్మ, అసలు ఉంగరమంత చిన్నదిగా ఒక బొమ్మ గీయండి. బొమ్మ వేయడం రాకపోయినా సరే గీయండి. చిన్న బొమ్మలో ఇమడని గీతలు వాటంతట అవే రాలిపోతాయి. మిగిలినవే మీ డిజైను.

ఇక్కడ చాలామంది ఆశ చంపుకోలేరు. నెమలి, తామర, మామిడి పిందె, ఇద్దరి పేర్ల తొలి అక్షరాలు, జన్మరాశి రాయి, అన్నీ ఒకే ఉంగరంలోకి రావాలంటారు. ఒక్కటి ఉంచండి. మిగిలినవి హారానికో వడ్డాణానికో దాచుకోండి, అక్కడ చోటు ఉంటుంది.

గీసిన బొమ్మను పక్క నుంచి కూడా గీయడం మరవకండి. వేలి మీద నుంచి ఉంగరం ఎంత ఎత్తు లేస్తుందన్నది రోజువారీ సౌకర్యాన్ని నిర్ణయిస్తుంది. పిండి కలపడం, చంటిబిడ్డను ఎత్తుకోవడం, చేతి తొడుగులు వేసుకునే వైద్యవృత్తి, మోటారు సైకిలు హ్యాండిల్ పట్టడం: ఉంగరం పెట్టుకునే మనిషి రోజంతా ఏం చేస్తారో ఆలోచించి ఎత్తు నిర్ణయించండి. రోజూ పెట్టుకునే ఉంగరానికి 5, 6 మిల్లీమీటర్లకు మించిన ఎత్తు నేను సలహా ఇవ్వను.

3. వేలి కొలత

నగల దుకాణంలో ఉండే కొలత రింగుల గుత్తితో కొలిపించుకోవడమే ఉత్తమం. ఇంట్లో అయితే సన్నని కాగితపు పట్టీని వేలికి చుట్టి పొడవు కొలిచి 3.14తో భాగించండి. పట్టీ 54 మిల్లీమీటర్లు వస్తే లోపలి వ్యాసం సుమారు 17.2 మిల్లీమీటర్లు. సైజు నంబర్లు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి కంసాలికి మిల్లీమీటర్లలోనే చెప్పండి.

పొద్దున్నే కొలవకండి, మధ్యాహ్నం దాటాక కొలవండి. ఎండలో వేళ్లు ఉబ్బుతాయి, చలిలో సన్నబడతాయి. మే నెలలో హైదరాబాదులో కొలిపించుకుని డిసెంబరులో షికాగో వెళ్లే వారికి ఉంగరం వదులవుతుంది; రెండు కాలాల కొలతలూ తీసుకుని మధ్యస్థంగా ఎంచుకోవాలి. వేలి కణుపు లావుగా ఉంటే కణుపు కొలత కూడా చెప్పాలి. చుట్టు వెడల్పు పెరిగే కొద్దీ ఉంగరం బిగువుగా అనిపిస్తుంది కాబట్టి 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంగరానికి కొంచెం పెద్ద కొలత కావాలి.

ఆకులు, తీగలు వేలి చుట్టూ పూర్తిగా తిరిగే డిజైను చూడ్డానికి ఇంపుగా ఉంటుంది కానీ, తరువాత సైజు మార్చడం చాలా కష్టం. అరచేతి వైపు ఓ 10 మిల్లీమీటర్లు సాదాగా వదిలేయమని ముందే చెప్పండి. పదేళ్లకు వేలు మారితే అక్కడే కోసి, ముక్క కలిపి, టంకం పెట్టి పెంచుతారు.

4. లోహం

మన ఇళ్లలో 22 క్యారట్ల మీద మమకారం ఎక్కువ. అందులో 91.6 శాతం బంగారం ఉంటుంది, రంగు నిండుగా ఉంటుంది, కానీ మెత్తన. సన్నని ప్రాంగులు, పలుచని ఆకు అంచులు 22 క్యారట్లలో చేయిస్తే దెబ్బ తగిలినప్పుడు వంగుతాయి. 18 క్యారట్లలో 75 శాతం బంగారం, మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు కాబట్టి గట్టిదనం ఎక్కువ. రాయి ఉన్న నిశ్చితార్థపు ఉంగరం 18 క్యారట్లలో, రాయి లేని చింతాకు ఉంగరం 22 క్యారట్లలో అన్నది నా సలహా. పెద్దలు 22 మీదే పట్టుబడితే, ప్రాంగులు వదిలి రాయి చుట్టూ అంచు కట్టి బిగించే బెజెల్ పద్ధతికి మారండి.

మిశ్రమం మారితే రంగు మారుతుందన్న సంగతి ఆకుల ఉంగరాలకు పెద్ద వరం. రాగి పెంచితే గులాబీ ఛాయ. రాగి తీసేసి దాదాపు వెండితోనే కలిపితే లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. విడిగా చూస్తే అంతగా తెలియదు, పసుపు బంగారం పక్కన పెడితే స్పష్టంగా తెలుస్తుంది. తంగేడు రేకులు పసుపు బంగారంలో, ఆకులు ఆకుపచ్చ బంగారంలో చేయించి చూడండి. మీనాకారీ, అంటే రంగు గాజు పొడిని లోహం మీద కరిగించి అతికించే రంగుల పని కన్నా నాకు ఇదే నచ్చుతుంది. వేలి మీద మీనా రాపిడికి పగుళ్లు తీసి ఊడిపోయే అవకాశం ఎక్కువ. మీనా కావాలనుకుంటే లోహంలో గుంట తీసి, చుట్టూ గట్టు ఉండేలా నింపించండి.

తెల్ల బంగారానికి పైన రోడియం అనే తెల్లని లోహపు పూత ఉంటుంది, కొన్నేళ్లకు అరుగుతుంది, మళ్లీ వేయించాలి. కొన్ని తెల్ల బంగారాల్లో నికెల్ కలుపుతారు. చర్మానికి పడనివారు పల్లాడియం కలిపిన మిశ్రమమో, ప్లాటినమో అడగాలి.

అమ్మమ్మ గాజు కరిగించి ఉంగరం చేయించుకోవాలనుకునే వారూ ఉంటారు. మంచి కోరికే. అయితే పాత నగలో టంకం ఉంటుంది, స్వచ్ఛత తేలికగా చెప్పలేం. సీసం జాడ కొద్దిగా ఉన్నా బంగారం పెళుసుబారి పగులుతుంది. నేరుగా మూసలో కరిగించి పోత పోయడం కన్నా, ముందు స్వచ్ఛత పరీక్ష చేయించి, శుద్ధి చేయించి, ఆపై కావలసిన క్యారట్లకు కలపడం మంచిది.

5. రాయి

రోజూ చేతికి ఉండే రాయిని అందం కన్నా ముందు గట్టిదనాన్ని బట్టి ఎంచాలి. ఇంట్లో, వీధిలో ఉండే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. మోస్ గట్టిదనపు కొలతలో అవి 7. అంతకు తక్కువ ఉన్న ఏ రాయి అయినా తుడిచిన ప్రతిసారీ కొంచెం గీసుకుంటుంది. వజ్రం 10, కెంపు, నీలం 9, పచ్చ సుమారు 7.5 నుంచి 8. ముత్యం 2.5 నుంచి 4.5 మధ్య, పగడం 3, 4 మధ్య. మల్లె మొగ్గకు ముత్యం ఎంత సహజంగా అనిపించినా, హైదరాబాదు ముత్యాల మీద ఎంత ఇష్టం ఉన్నా, రోజూ పెట్టుకునే ఉంగరంలో దాన్ని పొదిగించకండి. చెమటకే దాని మెరుపు పోతుంది. మొగ్గకు వజ్రమో, రంగులేని తెల్ల నీలం రాయో వాడి, ముత్యాన్ని చెవులకు దాచండి.

పచ్చ ఆకుపచ్చదనానికి సరిగ్గా సరిపోతుంది కానీ, లోపల సహజంగానే పగుళ్లుంటాయి, చాలా పచ్చలకు ఆ పగుళ్లు కప్పడానికి నూనె పట్టిస్తారు. బెజెల్‌లో లోతుగా బిగించాలి, శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రం చేయకూడదు.

గురివింద గింజను తలచుకోకుండా ఈ విషయం దాటలేను. కంసాలులు తరతరాలుగా తూకానికి వాడిన గింజ అది, సుమారు 0.12 గ్రాము. ఎర్రని కెంపు పక్కన చిన్న నల్ల రాయి పెట్టి చేసిన గురివింద ఉంగరం బంగారపు పని చరిత్రకే నమస్కారం లాంటిది. అసలు గింజను మాత్రం పొదిగించవద్దు, దాని లోపలి పప్పు విషం.

వజ్రాల మాట వస్తే ఒకప్పుడు వజ్రాల గనులున్న పల్నాటి కొల్లూరు పేరు రాకుండా ఉండదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో ఇప్పటికీ జనం వజ్రాల కోసం వెతుకుతారు. ఆ ప్రాంతపు మూలాలున్నవారికి కోత పెట్టని ముడి వజ్రపు స్ఫటికం పొదిగిన ఉంగరం ఎంతో అర్థవంతం. అయితే ఏ రాయినైనా గుర్తింపు పొందిన రత్న పరీక్షాశాల నివేదిక లేకుండా కొనవద్దు. నివేదికలో సహజమా, ప్రయోగశాలలో పెంచినదా, వేడి చేశారా, నింపారా అన్నవి రాసి ఉండాలి.

ఇంటి పెద్దలతో ముందే మాట్లాడండి. నీలం, గోమేధికం జాతకం చూడకుండా పెట్టుకోకూడదని నమ్మే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉంగరం తయారయ్యాక ఆ మాట వస్తే అందరికీ కష్టం.

6. పనివారి దగ్గరికి

తయారీకి రెండు దారులు. కుంపటి ముందు కూర్చుని రేకు కోసి, వంచి, ఆకురాయితో దిద్ది, ఉలితో చెక్కే చేతిపని ఒకటి. కంప్యూటర్‌లో త్రీడీ నమూనా గీసి, మైనంలో ముద్రించి, చుట్టూ ప్లాస్టర్ పోసి, మైనం కరిగించి వెళ్లగొట్టి, ఆ ఖాళీలో బంగారం పోయడం రెండోది. తంగేడు రేకు ముడతలకు, వేపాకు వంపుకు చేతిపని ప్రాణం పోస్తుంది. చింతాకు జతలకు, రెండు ఉంగరాలు ఒకదానిలో ఒకటి కచ్చితంగా అమరాల్సిన చోట కంప్యూటర్ నమూనా మేలు. పోత పోసి, ఈనెలు మాత్రం చేత్తో చెక్కించడం మంచి మధ్యేమార్గం.

చాలామందికి తెలియని పద్ధతి ఒకటుంది: నిజమైన ఆకునే పోతకు వాడవచ్చు. లేత వేపాకు వెనుక వైపు పలుచగా మైనం పూసి మందం పెంచి, ప్లాస్టర్‌లో ఉంచి కొలిమిలో కాలిస్తే ఆకు బూడిదై ఖాళీ మిగులుతుంది. అందులోకి బంగారం వెళ్తుంది. మీ పెరటి చెట్టు ఆకు ఈనెలు ఉన్నవి ఉన్నట్టు వేలి మీదికి వస్తాయి. మొదటిసారి కుదరకపోవచ్చు కాబట్టి నాలుగైదు ఆకులు ఇవ్వండి.

పనివారిని ఎంచేటప్పుడు దుకాణం పెద్దదా చిన్నదా అన్నది కాక, వారు చేసిన ఆకుల, పువ్వుల పని దగ్గరగా చూపించమనండి. ఉంగరం లోపలి వైపు తిప్పి చూడండి. కనపడని చోట కూడా నునుపు తీసిన చెయ్యి నమ్మదగినది.

కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. చుట్టు మందం కనీసం 1.5, వీలైతే 1.8 మిల్లీమీటర్లు, ప్రాంగులు 0.8 నుంచి 1 మిల్లీమీటరు. ఆకు అంచులు 0.8కి తగ్గకూడదు. అంతకన్నా పలుచనైతే కొన్నాళ్లకు మెరుగు పెట్టినప్పుడల్లా ఆకు అరిగి ఈనెలు మాసిపోతాయి.

7. బరువు, ధర

అంచనా చీటీలో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు వేర్వేరుగా ఉండాలి. బంగారం ధర, మజూరీ, తరుగు, రాళ్ల ధర, 3 శాతం జీఎస్టీ దేనికది కనిపించాలి. క్యారట్ల దగ్గర తికమక పడవద్దు: బంగారానికి అది స్వచ్ఛత, రాయికి బరువు. రాయి ఒక క్యారట్ అంటే 0.2 గ్రాము.

బరువును మీరే ముందుగా లెక్క వేసుకోవచ్చు. లోపలి వ్యాసం 17, వెడల్పు 2.5, మందం 1.8 మిల్లీమీటర్లున్న సాదా చుట్టు ఘనపరిమాణం సుమారు 0.27 ఘన సెంటీమీటరు. 18 క్యారట్ల బంగారంలో అది 4.1 గ్రాములు, 22 క్యారట్లలో 4.7 గ్రాముల దగ్గర తూగుతుంది. మైనపు నమూనా చేతికి వచ్చాక ఇంకా సులువు: దాని బరువుకు 15, 16 రెట్లు 18 క్యారట్ల బంగారం పడుతుంది. తుది తూకం దీనికి చాలా దూరంగా ఉంటే ఎందుకో అడగండి.

8. మైనపు నమూనా తొడిగి చూడడం

ఈ మెట్టు వదిలేయవద్దు, తొందరలో ఉన్నా సరే. బంగారం పోశాక ఆకు వంపు మార్చడం కష్టం, మైనంలో నిమిషాల పని. నమూనా వేలికి తొడిగి పిడికిలి బిగించండి, పక్క వేలికి గుచ్చుకుంటుందేమో చూడండి, సన్నని గుడ్డ మీద రుద్ది పోగు పట్టుకుంటుందేమో పరీక్షించండి. మైనం సున్నితం కాబట్టి ఇవన్నీ మెల్లగా చేయాలి. రెసిన్‌లో అచ్చు తీసిన మరో నమూనా ఇస్తే ఇంకా మంచిది. ఒక గజం దూరం నుంచి చూసినప్పుడు అది ఏ ఆకో తెలియాలి.

పెళ్లి ఉంగరం తరువాత చేయించుకుందామనుకున్నా దాని గీత ఇప్పుడే గీయించండి. నిశ్చితార్థపు ఉంగరం పక్కన అది ఎలా కూర్చుంటుందో, రెండూ ఒకదాన్నొకటి రాసుకుని అరగకుండా ఎక్కడ ఖాళీ ఉండాలో ఇప్పుడే తేలాలి. చర్చిలో ఉంగరాలు మార్చుకునే కుటుంబాల్లో ఈ జత ముఖ్యం. మట్టెలు పెట్టుకునే సంప్రదాయం ఉన్న ఇంట్లో అదే ఆకును వెండి మట్టెల మీదికీ తీసుకురావచ్చు. వేలి మీది చింతాకే కాలి వేలి మీదా ఉండడం నాకు ఎంతో ఇష్టమైన జత. బిందెలో ఉంగరం తీసే వేడుకకు మాత్రం వేరే సాదా ఉంగరం వాడండి. పసుపు నీళ్లూ, ఇద్దరి వేళ్ల పోటీ రాళ్ల ఉంగరానికి మంచివి కావు.

9. చేతికి తీసుకునేటప్పుడు

ఉంగరం లోపల మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చిహ్నం, స్వచ్ఛత సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ (స్వచ్ఛత ముద్ర) నగలు ఈ ఆరు అక్షరాల సంఖ్యతోనే అమ్మాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూస్తే నగ వివరాలు వస్తాయి. 2 గ్రాముల లోపు నగలకు, చిన్న వ్యాపారులకు మినహాయింపు ఉంది. అలాంటి చోట చేయిస్తే గుర్తింపు పొందిన కేంద్రంలో రుసుము కట్టి మీరే పరీక్ష చేయించుకోవచ్చు. లోపల పేర్లో తేదీనో చెక్కించాలనుకుంటే ఈ గుర్తులకు చోటు వదలాలని ముందే చెప్పండి.

తరువాత భూతద్దంతో ప్రాంగులు రాయిని ఆనుకుని ఉన్నాయో లేదో చూడండి. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. రాయి కదిలే చప్పుడు వినిపించకూడదు.

ఇంట్లో గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. ఈనెల మధ్య పిండి, క్రీములు చేరతాయి కాబట్టి నెలకోసారైనా కడగాలి. బ్లీచ్ చేతులతో ముట్టుకునే ముందు, ఈతకొలనులో దిగే ముందు తీసేయండి. ఏడాదికోసారి ప్రాంగులు బిగువుగా ఉన్నాయో లేదో చూపించండి. మెరుగు పెట్టేటప్పుడు ఆకు భాగం మీద యంత్రం తిప్పవద్దని ప్రతిసారీ గుర్తుచేయాలి.

చివరిగా ఒకటి అడిగి తీసుకోండి: త్రీడీ నమూనా ఫైలు లేదా రబ్బరు అచ్చు, వాడిన మిశ్రమం వివరాలు. వాటిని బిల్లుతో పాటు దాచుకోండి. ఎప్పుడైనా ఒక ఆకు విరిగితే అదే వంపులో, అదే ఛాయలో మళ్లీ పోత పోయడానికి ఆ రెండూ కావాలి.